సాక్ష్యం సరే... ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఎక్కడిది?

చర్చికి వెళ్ళే అలవాటు లేనివాళ్ళ కోసం ముందుగా చిన్న వివరణ. మా తెలుగు ప్రొటెస్టెంటు సంఘాల్లో ఆదివారం ఆరాధన మధ్యలో 'సాక్ష్యాలు' అని ఒక ఘట్టం ఉంటుంది. ఎవరో ఒకరు లేచి, మైకు తీసుకుని, అందరికీ వందనాలు చెప్పి, దేవుడు తమకి ఈ మధ్య ఏం మేలు చేశాడో చెబుతారు. మా నాయనమ్మ చెప్పేదాన్నిబట్టి ఒకప్పుడు ఇందులో తాగుడు మానేసిన సంగతులు, పాము కరిచినా బతికిన సంగతులు, గట్టు తగాదాతో పదేళ్ళు మాట్లాడుకోని అన్నదమ్ములు కలిసిన సంగతులు ఉండేవట. ఇప్పుడు మియాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల సంఘాల్లో కూర్చుని వినండి. ఆఫర్ లెటరు, వీసా స్టాంపింగు, ఫ్లాటు రిజిస్ట్రేషను. ఈ మూడూ దాటి నాలుగో సంగతి వస్తే ఆ ఆదివారం ప్రత్యేకం అన్నట్టే.

ఉద్యోగం వచ్చినందుకు దేవుడికి థాంక్స్ చెప్పడంలో నాకేం అభ్యంతరం లేదు. బీటెక్ అయ్యాక ఏడాదిన్నర ఖాళీగా ఉండి, ఇంట్లోవాళ్ళ మొహం చూడలేక స్నేహితుల రూముల్లో పడుకున్నవాడికి ఆఫర్ వస్తే కళ్ళనీళ్ళు రావడం సహజం. నా గొడవ వేరే. ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో మైకు దగ్గర నిలబడ్డవాడికి తెలుసు, వెనక వరసలో కూర్చున్న రూమ్మేట్లకి తెలుసు, చాలాసార్లు అయ్యగారికి కూడా తెలుసు. రెజ్యూమెలో నాలుగేళ్ళ అనుభవం అని ఉంటుంది. ఆ నాలుగేళ్ళలో మూడేళ్ళు అబ్బాయి కాలేజీలోనే ఉన్నాడు. అయినా సరే... అందరం చప్పట్లు కొడతాం, 'ఆమెన్' అంటాం.

మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి ఈ వ్యాపారం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు గానీ, తెలియనట్టు నటించేవాళ్ళ కోసం చెబుతున్నా. అమీర్‌పేటలో కోర్సు అవుతుంది. ఆ తర్వాత ఎవరో ఒక కన్సల్టెన్సీ నంబరిస్తారు. వాళ్ళు లెటర్‌హెడ్డు, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటరు, అన్నీ కలిపి అమ్ముతారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్ళు పీఎఫ్ ఖాతా చూడ్డం మొదలెట్టాక, ఒక్కరోజు కూడా పనిచేయని మనిషి పేరు మీద నెలనెలా పీఎఫ్ కట్టే ప్యాకేజీలు కూడా వచ్చాయి. ఫోన్ చేస్తే "అవునండీ, మా దగ్గరే చేశారు" అని చెప్పడానికి ఒక హెచ్చార్ గొంతు రెడీగా ఉంటుంది. ఇంటర్వ్యూకి ఇంకొకడు మాట్లాడతాడు. చేరాక పని రాకపోతే రాత్రుళ్ళు స్క్రీన్ షేర్ చేసుకుని పని చేసిపెట్టే 'జాబ్ సపోర్ట్' ఉంది. అంటే మనిషి మొత్తం అద్దెకి దొరుకుతాడు, పేరు ఒక్కటే సొంతం.

నేను అప్పుడప్పుడూ ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చుంటాను. ఐదేళ్ళ జావా అని రాసుకున్నతన్ని, హాష్‌మ్యాప్‌లో రెండు కీలకి ఒకే హాష్ కోడ్ వస్తే ఏమవుతుందని అడిగితే, పెదాలు ముందు కదులుతాయి, గొంతు అర సెకను ఆలస్యంగా ఇంకెక్కణ్ణించో వస్తుంది. అచ్చం డబ్బింగ్ సినిమా. మొదట్లో నవ్వొచ్చేది. ఆ సీటుకి నిజంగా చదువుకుని వచ్చిన ఫ్రెషర్ రెజ్యూమె ఫిల్టర్లోనే ఆగిపోయిందని గుర్తొచ్చాక నవ్వు రావడం మానేసింది.

"ఇది మీ క్రైస్తవులే చేస్తున్నారా ఏంటి?" అని మీరు అడగొచ్చు. కాదు. ఫేక్ లెటర్‌కి కులమతాల్లేవు, మన రెండు రాష్ట్రాల్లో సిసలైన సెక్యులర్ వ్యవస్థ ఏదన్నా ఉందంటే అదే. కానీ వేరేవాళ్ళు మొక్కు తీర్చుకునేటప్పుడు కనీసం గుట్టుగా తీర్చుకుంటారు. దాన్ని మైకులో చెప్పి, దేవుణ్ణి రిఫరెన్సుగా ఇచ్చేది మేమే. నాకు మండేది అక్కడ.

అసలు ఆ 'సాక్ష్యం' అనే మాట చూడండి. అది కోర్టు మాట. పది ఆజ్ఞల్లో తొమ్మిదోది (మా గుంటూరు లూథరన్లూ, కాథలిక్కులూ నన్ను తిట్టకుండా: వాళ్ళ లెక్కలో ఎనిమిదోది) పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్నదే. సాక్షికి గ్రీకులో 'మార్టుస్' అంటారు, ఇంగ్లీషు 'మార్టిర్' అందులోంచే పుట్టింది. తెలుగు క్రైస్తవులు దాన్ని ఇంకా చక్కగా 'హతసాక్షి' అన్నారు. నిజం చెప్పినందుకు చచ్చిపోయినవాడు అని. రెండువేల ఏళ్ళ తర్వాత మా సంఘాల్లో ఆ మాట ఎక్కడికి వచ్చి ఆగిందయ్యా అంటే, అబద్ధం చెప్పి సంపాదించిన ప్యాకేజీ ఎంతో చెప్పడం దగ్గర. అబద్ధ సాక్ష్యంతో వచ్చినదాని గురించి మళ్ళీ సాక్ష్యం!

ఇక దశమభాగం. జీతంలో పదో వంతు సంఘానికి ఇవ్వాలన్నది చాలా చోట్ల గట్టిగా చెబుతారు. గ్రాస్ మీద లెక్కెయ్యాలా, నెట్ మీద లెక్కెయ్యాలా అని గంటన్నర చర్చ జరగడం నేను చూశాను. టీడీఎస్ పోయాక వచ్చేదే కదా అని ఒకాయన, ప్రభుత్వం కంటే ముందు దేవుడని ఇంకొకాయన. ఇంత పట్టింపుగా చర్చించిన పెద్దమనుషుల్లో ఒక్కరు కూడా, ఆ గ్రాస్ అసలెలా వచ్చిందని అడగరు. ఈ బోధకి ఎప్పుడూ వాడే వాక్యం మలాకీ మూడో అధ్యాయం పదో వచనం. ప్రొజెక్టర్ మీద అదే, కానుక కవర్ మీద అదే. మీ ఇంట్లో బైబిలుంటే దయచేసి అదే అధ్యాయం తీసి, ఐదు వచనాలు పైకి వెళ్ళండి. అక్కడ దేవుడు తానే సాక్షిగా వస్తానంటాడు. ఎవరికి వ్యతిరేకంగా? మంత్రగాళ్ళతో, వ్యభిచారులతో పాటు అబద్ధ ప్రమాణం చేసేవాళ్ళకి, కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్ళకి, విధవరాళ్ళనీ తండ్రిలేనివాళ్ళనీ పరదేశుల్నీ బాధపెట్టేవాళ్ళకి. ఐదో వచనం చదవకుండా పదో వచనానికి ఎలా దూకారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. స్లైడులో రెండూ పడతాయి, నేను చూసి చెబుతున్నా.

పోనీ కానుక ఏదైనా కానుకే కదా అంటారేమో. యూదా తిరిగి పారేసిన ముప్ఫై వెండి నాణేలని గుడి ఖజానాలో వెయ్యకూడదని అన్నదెవరో గుర్తుందా? ఏసుని పట్టించుకున్న ఆ ప్రధాన యాజకులే. మనిషిని చంపించడానికి వెనకాడనివాళ్ళు కూడా, ఈ డబ్బు ఎలాంటిది అని ఒక్క క్షణం ఆగారు. మా కమిటీలు ఆ పాటి కూడా ఆగవు.

ఇదంతా సిద్ధాంతం అనుకునేవాళ్ళకి ఒక మనిషి సంగతి చెబుతాను. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నా, పేరు మాత్రం అడక్కండి. మా సంఘంలో ఒక అక్క ఉండేది. నాకంటే మూడేళ్ళు పెద్ద, బాగా చదివింది. వాళ్ళ నాన్నగారికి కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైతే, వారానికి మూడుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి ఇంకెవరూ లేక ఉద్యోగం మానేసింది. ఆయన పోయేసరికి రెజ్యూమెలో మూడేళ్ళ ఖాళీ. ఎక్కడికి వెళ్ళినా ఆ గ్యాప్ గురించే అడిగేవాళ్ళు, నిజం చెబితే "మేం మళ్ళీ చెబుతాం" అనేవాళ్ళు. ఆ మూడేళ్ళూ పూడ్చే లెటర్ ఇస్తామని ఇద్దరు ముగ్గురు చెప్పారు. చేరాక వచ్చే మొదటి రెండు నెలల జీతం ఇస్తే చాలట. వద్దంది. "నాన్న పక్కన కూర్చున్న రోజుల్ని వేరే కంపెనీ పేరు మీద రాసుకోలేను రా" అంది నాతో.

ప్రతి ఆదివారం ప్రార్థన చేయించుకునేది. ఒకసారి పాస్టర్‌గారు తలమీద చెయ్యి పెట్టి, "విశ్వాసం చాలట్లేదమ్మా, ఒక విత్తనం వెయ్యి" అన్నారు. విత్తనం అంటే డబ్బు. ముందు మనం కానుక ఇస్తే దేవుడు దానికి అంతకంతలు చేసి పంట ఇస్తాడని ఒక బోధ ఉంది లెండి. వాళ్ళమ్మగారు బట్టలు కుట్టి దాచిన డబ్బులో ఐదు వేలు వేశారు. నెల తిరక్కుండా అదే సంఘంలో ఆవిడ కంటే నాలుగేళ్ళు చిన్న కుర్రాడు, అదే కన్సల్టెన్సీ లెటరుతో ఉద్యోగం తెచ్చుకుని, మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాడు. బయటికి వచ్చాక ఒకావిడ అక్క భుజం తట్టి, "చూశావా, వాడి విశ్వాసం ఎంత గొప్పదో" అంది. ఆవిడకి లెటర్ సంగతి తెలియదు, ఆవిణ్ణి ఏమీ అనను. తెలిసినవాళ్ళు పదిమంది అక్కడే నిలబడి బిర్యానీ ప్యాకెట్లు పంచుతున్నారు.

ఆ అక్క ఇప్పుడు ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ చేస్తోంది. పాత జీతంలో సగం. గ్యాప్ గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పి తెచ్చుకున్న ఉద్యోగం. నా దృష్టిలో ఈ ఊళ్ళో నేను విన్న అసలైన సాక్ష్యం అదొక్కటే. ఆవిణ్ణి మైకు దగ్గరికి రమ్మని ఇంతవరకూ ఎవరూ పిలవలేదు.

సరే, సమర్థించేవాళ్ళ వాదనలు కూడా చూద్దాం. "తీర్పు తీర్చొద్దని ఏసే చెప్పాడు కదా బ్రదర్!" ఈ మాట అనేవాళ్ళే పెళ్ళికూతురు కమ్మలు పెట్టుకుందనీ, ఎవరో ఆఫీసు దసరా పార్టీలో బొట్టు పెట్టుకున్న ఫొటో స్టేటస్‌లో పెట్టారనీ మూడు వారాలు మాట్లాడతారు. కమ్మల మీద తీర్పు ఉంది, రిలీవింగ్ లెటర్ మీద లేదన్నమాట. ఇంకొకాయన, ఐగుప్తులో హెబ్రీ మంత్రసానులు ఫరోతో అబద్ధం చెప్పలేదా, రాహాబు వేగులవాళ్ళని దాచలేదా అన్నాడు. చెప్పారండీ. పసిపిల్లల్ని చంపమన్న రాజు నుంచి పిల్లల్ని కాపాడటానికి చెప్పారు. మీరు ఎవర్ని కాపాడారు? క్యూలో ముందున్న ఇంకో పేదింటి పిల్లని తోసి, ఆ చోట్లో నిలబడ్డారు. మంత్రసానులతో పోలిక పెట్టాలంటే కొంచెం సిగ్గుండాలి.

ఒక్క వాదన మాత్రం నేను తేలిగ్గా తీసిపారెయ్యను. "మాకు మేనమామలు మేనేజర్లు లేరు. రిఫరల్ ఇచ్చే కులం వాట్సాప్ గ్రూపు లేదు. ఎంట్రీ లెవెల్ ఉద్యోగానికి రెండేళ్ళ అనుభవం అడిగే మార్కెట్లో మేమెక్కడ మొదలెట్టాలి?" ఇది నిజం. మా సంఘాల్లో చాలామంది దళిత కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు, ఇంజనీరింగ్ చదివిన మొదటి తరం. మతం మారితే ఎస్సీ హోదా పోయేలా రాసిన 1950 రాష్ట్రపతి ఉత్తర్వుని 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం సవరించారు. క్రైస్తవుల్ని మాత్రం ఆ సవరణల్లో బయటే ఉంచారు. మన దగ్గర బీసీ-సీ కింద వచ్చేది ఒక శాతం. అందుకే చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు పెట్టుకుని బతికే కుటుంబాలు ఎన్నో. దాన్ని నేను ఫేక్ లెటర్‌తో కలపను. అది చట్టం ఒకణ్ణి మూలకి తోసి, నీ దేవుడు కావాలా నీ హక్కు కావాలా అని అడిగితే పుట్టిన చిక్కు. ఆ చిక్కు పెట్టినవాళ్ళు ముందు జవాబు చెప్పాలి. లెటర్ కొనేవాడు తోసేది చట్టాన్ని కాదు, తనలాంటి ఇంకొకణ్ణి. పైగా పేదరికం కారణమైతే, మూడో ఉద్యోగంలో, ముప్ఫై లక్షల ప్యాకేజీ మీద కూడా ఎనిమిదేళ్ళని పదకొండేళ్ళు చెయ్యడం దేనికి?

మన సంఘాలు మొదటినించీ ఇలాగే ఉన్నాయా అంటే, లేవు. ఒంగోలు వాళ్ళకి క్లౌ దొర కథ తెలిసే ఉంటుంది. 1876-78 కరువులో జనం మలమల మాడిపోతుంటే, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. పనిలోకి వచ్చినవాళ్ళు బాప్తిస్మం ఇమ్మని అడిగితే, కరువు పని నడిచినంతకాలం, ఏడాదికి పైగా, ఇవ్వలేదు. కూలి కోసం చేరుతున్నారేమో అని ఆయన భయం. పని ఆగిపోయాక, ఇక తన దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదని తెలిసి కూడా వచ్చినవాళ్ళకి ఇచ్చాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది. మిషనరీల మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి, ఇంకోసారి రాస్తాను. కానీ జీతానికీ విశ్వాసానికీ మధ్య గీత గియ్యాలని ఆయనకి తోచింది. మేం ఆ గీత చెరిపేసి, దానిమీద ఎల్‌ఈడీ లైట్లు పెట్టాం.

దేవుడి పేరు పెట్టేస్తే ఎవరూ ప్రశ్నించరన్న ధీమా ఎంతదూరం పోతుందో అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఒకసారి చూశారు కూడా. కాలిఫోర్నియా, ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ అని ఒకటి ఉండేది. తనది క్రైస్తవ విద్యాసంస్థ అనీ, దేవుడి మహిమ కోసం ఇంజనీర్లని తయారుచేస్తాననీ చెప్పుకునేది. 2011 జనవరిలో ఫెడరల్ అధికారులు దాడి చేసేసరికి దాదాపు 1,500 మంది విద్యార్థులు, అందులో అత్యధికులు అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. క్లాసుకి రాకపోయినా వీసా నిలిచేలా కాగితాలు ఇచ్చేవాళ్ళు. మోసపోయి చేరినవాళ్ళూ ఉన్నారు, తెలిసి చేరినవాళ్ళూ ఉన్నారు. కొందరి కాళ్ళకి రేడియో పట్టీలు మాత్రం తేడా లేకుండా కట్టారు. దాన్ని నడిపిన సుసాన్ సు మీద 2014లో 31 అభియోగాలు రుజువయ్యాయి, 198 నెలల జైలు పడింది. ఎన్ని తెలుగు సంఘాలు ఆ తర్వాత ఆదివారం ఈ సంగతి మీద ప్రసంగం చేసి ఉంటాయంటారు?

హెచ్1బీ లాటరీ సంగతి కూడా అంతే. 2024 ఆర్థిక సంవత్సరానికి దాదాపు 7.8 లక్షల రిజిస్ట్రేషన్లు వస్తే, అందులో 4 లక్షలకి పైగా ఒకే మనిషి పేరు మీద ఒకటికంటే ఎక్కువ పడినవి. మనిషికి ఒక్కటే లెక్క అని పద్ధతి మార్చగానే మరుసటి ఏడాది మొత్తం 4.8 లక్షలకి దిగింది. నిజంగా రెండు కంపెనీలు పిలిచినవాళ్ళు ఉంటారు, వాళ్ళని అనడం లేదు. కంపెనీలు కూడబలుక్కుని ఒకే మనిషిని నాలుగుసార్లు వేయించిన చోట లాటరీ తగిలితే, అది 'ప్రభువు తెరిచిన తలుపు' ఎలా అవుతుంది? నాలుగు తాళంచెవులు దొంగగా చేయించి తెరిచిన తలుపది.

జక్కయ్య కథ సండే స్కూల్లో అందరం నేర్చుకున్నాం. పొట్టివాడు, మేడిచెట్టు ఎక్కాడు, ఏసు దిగమన్నాడు. పాట అక్కడితో అయిపోతుంది, మా బోధ కూడా అక్కడితోనే అయిపోతుంది. లూకా మాత్రం అక్కడ ఆపలేదు. దిగినవాడు ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్న మాట ఏసు అన్నది దాని తర్వాతే. పదో వంతు చర్చికి ఇస్తానని అతను అనలేదు, గమనించారా? ఎవర్ని మోసం చేశాడో వాళ్ళకి ఇస్తానన్నాడు.

చెయ్యగలిగింది ఏమీ లేదా అంటే, చాలా ఉంది, పెద్ద ఖర్చు కూడా కాదు. మైకు ఇచ్చే ముందు అయ్యగారు పక్కకి పిలిచి ఒక్క ప్రశ్న అడగొచ్చు: "బాబూ, కాగితాలన్నీ నిజమేనా?" అంతే. పోలీసు పని చెయ్యమనట్లేదు. రెండోది, ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయం ప్రకారం ప్రతి మూడో ఏటి దశమభాగం ఊళ్ళోనే ఉంచి లేవీయులకీ, పరదేశులకీ, తండ్రిలేనివాళ్ళకీ, విధవరాళ్ళకీ పెట్టాలి. అంత ఇష్టమైన దశమభాగంలో ఆ భాగం తీసి, అబద్ధం చెప్పనందుకు ఖాళీగా ఉన్నవాళ్ళకి ఆరు నెలల హాస్టల్ అద్దె కట్టొచ్చు. సంఘంలో పదేళ్ళ అనుభవం (నిజమైనదే!) ఉన్నవాళ్ళు ఆరాధన అయ్యాక గంటసేపు కూర్చుని మాక్ ఇంటర్వ్యూలు చెయ్యొచ్చు, తమ కంపెనీల్లో రిఫర్ చెయ్యొచ్చు. గ్యాప్ ఉన్న రెజ్యూమెని గ్యాప్‌తోనే ఎలా చెప్పాలో నేర్పొచ్చు.

నేను ఇదే మా సంఘం కమిటీకి ఒక పేజీలో రాసి ఇచ్చాను. మాక్ ఇంటర్వ్యూలకి నాతో పాటు ఇంకో ఐదుగురు పేర్లు కూడా జతచేశాను, అందరూ ఒప్పుకున్నవాళ్ళే. సెక్రటరీగారు చదివి, "మంచి భారమే బ్రదర్, ప్రార్థన చేద్దాం" అన్నారు. ఈ ఏడు బడ్జెట్ సౌండ్ సిస్టమ్‌కి అయిపోయిందట. మాక్ ఇంటర్వ్యూలకి బడ్జెట్ అక్కర్లేదు కదండీ, నాలుగు కుర్చీలు చాలు అన్నాను. ఆదివారం పన్నెండున్నరకి రెండో ఆరాధన ఉంది, హాలు ఖాళీ ఉండదన్నారు. అందుకని ప్రస్తుతానికి ఎదురుగా ఉన్న టీ కొట్టు పక్కన మొదలుపెట్టాం. మొన్న ఆదివారం నలుగురు వచ్చారు. అందులో ఒకతను మూడేళ్ళ అనుభవం అని రాసున్న రెజ్యూమె తెచ్చాడు. "ఇందులో నిజంగా ఎంత?" అని అడిగితే చాలాసేపు కప్పు వంక చూసి, "ఎనిమిది నెలలన్నా" అన్నాడు. ఆ ఎనిమిది నెలల్లో ఏమేం చేశాడో రాయడం మొదలెట్టాం. ఒక పేజీ నిండింది.